ఉగ్గుగిన్నె ముందు ఓడిన కంచం

నేను ఒక కంచు కంచాన్ని. నిటారుగా లేచిన అంచు, తామరాకంత వెడల్పు. వేలితో మీటితే గంటలా మోగుతాను. రాగి, తగరం కలిపి కరిగించి, కంచరి వీధిలో ఒక ముసలాయన నన్ను సుత్తితో సాగగొట్టాడు. కొలిమి వేడి మరచిపోయాను గానీ, పని పూర్తయ్యాక ఆయన నన్ను పైకెత్తి, "ఇందులో తిన్నవాడు ఆకలితో లేవడు" అన్న మాట మరచిపోలేదు.

నన్ను కొన్నది తెనాలిలో పూజాసామాను కొట్టు పెట్టిన ఒక పెద్దాయన. ఆయన తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు సుందరరామయ్య నా ముందు కూర్చున్నారు. చేతులు మారాయి, ఆకలి మారలేదు. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు, అన్నీ అంచుదాకా. మనుషులు చిత్రమైనవాళ్లు. పొట్ట పెరుగుతుంటే చక్కగా ఒళ్లు చేశాడని మురిసిపోతారు. మోకాళ్లు నొప్పి పుడితే మెట్లు కట్టిన మేస్త్రిని తిడతారు.

సుందరరామయ్య భక్తుడు. ఇంట్లో బాలకృష్ణుడికి నివేదన కాకుండా మెతుకు ముట్టడు. ప్రసాదం వద్దనడం పుట్టి ఎరగడు. అయితే ఒళ్లు పెరిగి పెరిగి పీట మీద కూర్చోలేక, కుర్చీ వేసుకుని పూజ చేసే స్థితికి వచ్చాడు. నిద్రలో ఊపిరి అందక ఉలిక్కిపడి లేచేవాడు. చివరికి గుంటూరు వెళ్లి, పొట్టను కోయించి చిన్నది చేయించుకుని వచ్చాడు.

"గట్టిది ఒక్క ముద్ద పడినా లోపలి కుట్లు విడిపోవచ్చునన్నారు పిన్నిగారూ, అదే జరిగితే ప్రాణం మీదికేనట. డాక్టరుగారు సరేననేదాకా అన్నీ పలచనివే. అదీ గుక్క గుక్కకీ ఆగి తాగాలి" అని ఆయన భార్య మాణిక్యాంబ పక్కింటావిడకు చెబుతుంటే విన్నాను. ఆ సాయంత్రమే నన్ను తోమి, తుడిచి, అటక కింది అరలో గోడకు చేరవేసింది.

పోనీ, కొన్నాళ్లే కదా అని ఊరుకుందును. కానీ నా చోటులోకి ఇంకొకటి వచ్చింది.

గ్లాసుతో ఇస్తే సుందరరామయ్య పాత అలవాటు కొద్దీ గటగటా తాగేసి, గుండెల్లో పట్టేసినట్టయి విలవిల్లాడాడు. అందుకని మాణిక్యాంబ బీరువా తెరిచి, ఆయన పసితనంలో ఉగ్గుపోసిన వెండిగిన్నె తీసింది. గుప్పెట్లో ఇమిడే గిన్నె, దానికొక చిన్న ముక్కు. ఇన్నేళ్లూ పట్టుగుడ్డలో చుట్టుకుని నిద్రపోయిన వస్తువు అది! వేడిపప్పు పోస్తే ఓర్చుకున్నది నేను, ఎంగిలిచేతుల బరువు మోసింది నేను. ఇప్పుడేమో పొద్దున పలచటి మజ్జిగ, మధ్యాహ్నం వడకట్టిన పెసరకట్టు, సాయంత్రం ప్రొటీన్ పొడి కలిపిన పాలు, అన్నీ దాని ముక్కులోంచే. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకునేవాడు. నన్నెప్పుడైనా అలా పట్టుకున్నాడా? ఒక్క చుక్క పెదవి మీద పడితే కళ్లు మూసుకుని రుచి చూసేవాడు. నాలో ఎన్ని వంటలు వడ్డించినా ఆయన కళ్లు మూయగా చూడలేదు. కడుపు మండిపోయేది నాకు. కంచుకు కడుపేమిటంటారా? అంతా కడుపే కదండీ నేను!

నాకొక్కటే ఊరట. మాణిక్యాంబ దేవుడి వంట మాత్రం మానలేదు. "దేవుడికి ఆపరేషన్ కాలేదుగా" అనేది. రోజూ అన్నం, పప్పు, నెయ్యి నివేదన చేసి, ప్రసాదం గిన్నెను భర్త కళ్లకు అద్దించి లోపలికి తీసుకుపోయేది. నేతి వాసన వెళ్లినవైపే ఆయన చూస్తుండేవాడు. ప్రసాదం కళ్లకద్దుకుని వదిలేస్తున్నానే, స్వామికి కోపం రాదా అన్న దిగులు ఆయన్ని తొలుస్తుండేది. ఆ దిగులే ఏదో ఒకనాడు నన్ను కిందికి దించుతుందని నా ఆశ.

దించింది. ఒక శనివారం రేపల్లె నుంచి ఆయన అక్కగారు సీతారత్నం వచ్చింది. తమ్ముణ్ణి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేం తాగుడురా సుందరం! పళ్లన్నీ ఉన్నాయి, ఉగ్గుగిన్నె పట్టుకున్నావు. ఉయ్యాల కూడా కట్టించమంటావా?"

"డాక్టరు చెప్పాడక్కా."

"తిండి వద్దని చెప్పాడు. ప్రసాదం తిండిట్రా? ఇంతవరకు ప్రసాదం తిని చెడినవాడెవడు? స్వామి చూసుకుంటాడు."

అంటూనే నన్ను అందుకుంది. నివేదనైన దధ్యోజనం, శొంఠి, కరివేపాకు తాలింపుతో, చల్లగా నా నడుమకు వచ్చి పడింది. ఎన్నాళ్లయిందో! ఉగ్గుగిన్నె పక్కనే ముక్కు చాచి చూస్తుండిపోయింది. సుందరరామయ్య ప్రసాదాన్ని కళ్లకద్దుకుని ముద్ద కలిపాడు. ఎత్తాడు.

"ఏమండీ, ఒక్కమాట" అంది మాణిక్యాంబ గుమ్మంలోంచి. వదినగారి ఎదుట ఆమె గొంతు పెగలడం నేను వినడం అదే మొదటిసారి. "మన ఇంట్లో ఏది తింటే అదే కదా స్వామికి పెడతాం? మీకు పనికిరానిది వండి ఆయన ముందు పెట్టింది నేను. పొరపాటు నాది. మీరు ఆ ముద్ద దించండి."

ఉగ్గుగిన్నె తీసుకుని, పెసరకట్టు పోసి, దేవుడి ముందు పెట్టి, నీళ్లు చుట్టూ తిప్పి గంట కొట్టింది.

"దేవుడికి ఉగ్గుగిన్నెతోనా!" అంది సీతారత్నం.

"బాలకృష్ణుడే కదా వదినగారూ. ఆయన తాగకపోతే ఇంకెవరు తాగుతారు?"

సీతారత్నం ఫక్కున నవ్వింది. "నీకు ఇంత మాట వచ్చని నాకెవరూ చెప్పలేదే మాణిక్యం!"

ముద్ద తిరిగి నాలోకి దిగింది. పెదవి దాకా వెళ్లిన ముద్ద! సుందరరామయ్య ఆ గిన్నెలోని ప్రసాదాన్ని బొట్టుబొట్టుగా తాగాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు. నేను ఓడిపోయాను. దేవుడు కూడా దాని పక్షానే చేరాక ఇంకేం మాట్లాడను?

అప్పుడు సీతారత్నం వదినమరదళ్ల వేళాకోళంగానే అంది, "ఆపరేషన్ వాడికి, చిక్కిపోయింది నువ్వా? మొహం చూసుకున్నావుటే?"

పెళ్లయిన నాటి నుంచి మాణిక్యాంబ తిన్నది భర్త లేచాక, ఆయన కంచంలోనే. ఆయన తినడం మానేశాక ఆమెకు తినే కంచం లేకుండా పోయింది. వడకట్టగా మిగిలిన పప్పుపిప్పి వంటింట్లో నిలబడి నోట్లో వేసుకునేది. ప్రసాదమంతా పక్కింటి పిల్లలకు పెట్టేది. నా అరకు ఎదురుగానే జరిగిందంతా. నేను గిన్నెనే చూస్తూ కూర్చున్నాను.

సుందరరామయ్య నన్ను ఆమె ముందుకు జరిపాడు.

"కూర్చో. తిను."

"మీరు తినకుండానా?"

"తాగుతున్నాగా. కూర్చోవే."

ఆమె కూర్చుంది. ఆ వేళ్లు తగలగానే గుర్తుపట్టాను. రోజూ ఆయన బరువుచేయి లేచి వెళ్లాక, నా అంచుల వెంట మెల్లగా తిరిగి, చివరి మెతుకు దాకా తుడిచిన వేళ్లవి. ఆకలితో ఎవరినీ లేపనని గర్వపడ్డాను కదా, ఆమె ఎన్నిసార్లు ఆకలితో లేచిందో నాకు తెలియదు.

ఇప్పుడు డాక్టరు మెత్తటి అన్నానికి ఒప్పుకున్నాడు. సుందరరామయ్య కుర్చీ వదిలి పీట మీద కూర్చుని పూజ చేస్తున్నాడు. ఆయనకని చిన్న పళ్లెం కొంటానంటే మాణిక్యాంబను వద్దన్నాడు. ఆమె నాలో తింటుంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతాడు. చివర్లో ఆమె గుప్పెడు పెరుగన్నం మెత్తగా పిసికి వదులుతుంది. ఆయన నన్ను తన ముందుకు జరుపుకుని, దాన్ని కొంచెం కొంచెంగా, కళ్లు మూసుకుని తింటాడు.

ఉగ్గుగిన్నె మళ్లీ బీరువాలోకి వెళ్లింది. పట్టుగుడ్డలోంచి దానికి ఇదంతా వినపడుతుందో లేదో. వినపడాలనే, నేను కాస్త గట్టిగా మోగుతుంటాను.