వేళ్లు లేని సంచి

నా కుడి చేయి పని మానేసి నాలుగు నెలలైంది. పక్షవాతం అన్నారు. కాలూ, నోరూ నెల తిరక్కుండానే దారికొచ్చాయి. నోరు అంత తొందరగా వచ్చినందుకు మా ఇంట్లో ఎవరూ పెద్దగా సంబరపడలేదు. చేయి మాత్రం పిలిచినా పలకలేదు.

ముప్పై ఆరేళ్లు బట్ట కత్తిరించిన చేయి అది. మా టైలరు కొట్లో కత్తిరించడం నా పని, మిషను మీద కుట్టడం మా ఆవిడ పని, గుండీలూ కాజాలూ ఇస్త్రీ మా బావమరిది పని. ఇప్పుడు నా బల్ల ముందు వాడు నిలబడుతున్నాడు. నా కత్తెర వాడి చేతిలో ఉంటోంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. నిజానికి ఏడుపొస్తుంది, పైకి మాత్రం ఒళ్లు మండినట్టే ఉంటాను.

ఆసుపత్రిలో ఒక ఫిజియో అమ్మాయి ఉంది. మెదడు మీద కొత్తగా ఏవో పరిశోధనలు జరుగుతున్నాయట, తనూ అందులో ఉందట. నా తలకాయ ఫోటో తీసి తెర మీద చూపించింది.

"ఇదిగో అంకుల్, మీ కుడి చేతిని నడిపించే చోటు ఇది. కొంత దెబ్బతింది, కొంత బాగానే ఉంది. కానీ మీరు నాలుగు నెలలుగా అన్నీ ఎడమ చేత్తోనే కానిచ్చేస్తున్నారు. వాడని చోటుని మెదడు ఖాళీగా ఉంచదు. పక్కవాళ్లకి ఇచ్చేస్తుంది."

"అంటే కబ్జా," అన్నాను.

"అలాగే అనుకోండి. గట్టిగా అడిగితే తిరిగిస్తుంది కూడా. అడగడమంటే వాడటమే."

తన పద్ధతి ఏమిటంటే, బాగున్న ఎడమ చేతికి సంచి తొడిగి కట్టేయాలి. మెలకువగా ఉన్నంతసేపూ, పదిహేను రోజులు. తినడం, పళ్లు తోముకోవడం, తలుపు తీయడం, అంతా కుడి చేతి నెత్తిన పడేయాలి.

"బాగుపడిందని ఎలా తెలుస్తుందమ్మా?"

"మీరు చెప్పకుండా అది దానంతటది ముందుకొచ్చిన రోజు తెలుస్తుంది."

కొట్టుకి రాగానే మావాళ్లిద్దరినీ నిలబెట్టి చెప్పేశాను. "పదహారో రోజు ఈ బల్ల మీద మీటరు బట్ట కత్తిరిస్తాను. సుద్దగీత తప్పానా, ఈ కత్తెర వీడిదే. బల్లా వీడిదే. మళ్లీ నోరెత్తను."

"నాకెందుకు బావా అవన్నీ," అన్నాడు బావమరిది. కత్తెర మాత్రం కింద పెట్టలేదు.

కొంప ముంచింది ఆ సంచి. ఆసుపత్రివాళ్లు ఇచ్చింది మందపాటి బట్టతో కుట్టిన సంచి. మా ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఎవరు కుట్టారండీ దీన్ని? కుట్టు చూడండి, ఎటు పోతోందో. మణికట్టు దగ్గర ఆ ముడతలేమిటి? ఇది తగిలించుకుని మీరు కొట్లో కూర్చుంటే, మనమే కుట్టామనుకుంటారు."

"అవునక్కా, పరువు పోతుంది," అన్నాడు వాళ్ల తమ్ముడు.

నాకూ తల కొట్టేసినట్టయింది. మా ముగ్గురికీ ఏ విషయంలోనూ మాట కలవదు. ఆ రోజు కలిసింది. మా ఆవిడ టేపు తెచ్చి నా ఎడమ చేయి కొలిచింది, ఒక్కో వేలూ విడివిడిగా. కోటు లైనింగు బట్టతో తొడుగు కుట్టింది. ఎంత చక్కగా కుదిరిందంటే, తొడుక్కున్నట్టే తెలియలేదు.

తెలియకపోవడమే తప్పని ఒక్కరికీ తట్టలేదు. ఆ తొడుగుతోనే పది రోజులు చెంచా పట్టాను, తాళం తీశాను, పేపరు తిప్పాను, ఒకరోజు బట్టకి గుచ్చిపెట్టిన సూదిలో దారం కూడా ఎక్కించాను. నేను మాత్రం రూలు తప్పలేదు, ఒక్క గంట కూడా తొడుగు తీయలేదు. కుడి చేయి ఒళ్లో హాయిగా పడుకుంది.

పదకొండో రోజు ఆసుపత్రికి వెళ్లాం. తలుపు నేనే తీసుకుని లోపలికెళ్లాను. ఫిజియో అమ్మాయి నా ఎడమ చేయి వైపు చాలాసేపు చూసింది.

"చాలా అందంగా ఉంది. ఎవరు కుట్టారు?"

"నేనే," అంది మా ఆవిడ.

"వేళ్లెందుకు పెట్టారాంటీ?"

"చేతికి వేళ్లుంటాయి కదమ్మా."

"ఆ వేళ్లు పని చేయకూడదనే కదా సంచి ఇచ్చింది!"

పది రోజులు నీళ్లపాలయ్యాయి. మొదటి సంచి ఏదని అడిగింది. మిషను తుడవడానికి చింపేశామని చెప్పాం.

"ఇంకోటి మీరే కుట్టుకోండి. ఎంత వికారంగా ఉంటే అంత మంచిది. తొడిగిన రోజు నుంచి మళ్లీ పదిహేను రోజులు. ఈసారీ తప్పితే నా చేతిలో ఏం లేదంకుల్. మిమ్మల్ని పరిశోధనలోంచి తీసేస్తారు."

మా ఆవిడ ఆ మధ్యాహ్నమంతా మిషను ముందు కూర్చుంది. తను కుట్టిన మొదటి సంచికి బొటనవేలు వచ్చేసింది. రెండోది సంచిలాగే మొదలైంది, చివరికొచ్చేసరికి మణికట్టు దగ్గర అచ్చం కోటు చేతిలా కుదిరి కూర్చుంది. "నా చేతులకి ఇంకోలా రాదండీ, నేనేం చెయ్యను? మీ పది రోజులూ నేనే మింగేశాను," అని మిషను మీద తల పెట్టి ఏడ్చేసింది. బావమరిది ప్రయత్నించాడు. వెధవది, వాడిది ఇంకా బాగా వచ్చింది.

"ఇటు తేండి. ఈ కొట్లో చెడగొట్టి కుట్టగలిగినవాణ్ని నేనొక్కణ్నే," అన్నాను.

ఎడమ చేతిని తొడ కింద పెట్టి దాని మీద కూర్చున్నాను. బావమరిది బట్ట పట్టుకున్నాడు. కుడి చేతి వేళ్ల మధ్య సూది ఇరికించాను. మొదటి కుట్టుకి పావుగంట పట్టింది. సూది పదకొండుసార్లు కింద పడింది, మూడుసార్లు వాడి వేలికి గుచ్చుకుంది. అందులో రెండు అనుకోకుండా జరిగినవే. రెండు రోజులు తిట్టుకుంటూ కుట్టాను. అయ్యాక చూస్తే, అంత దరిద్రమైన కుట్టు మా కొట్టు పుట్టాక ఎవరూ కుట్టలేదు.

మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. అలవాటుగా కుట్లు విప్పే బ్లేడు కూడా తీసుకుంది. వంకర కుట్టు కనిపిస్తే విప్పకుండా ఉండలేని మనిషి. కాసేపు అలాగే నిలబడి, బ్లేడు సొరుగులో పడేసింది. "ఇందులో ఒక్క కుట్టు కూడా నేను ముట్టుకోను," అని ఆ సంచి నా ఎడమ చేతికి తొడిగి, తాడు బిగించి కట్టింది.

ఆ పదిహేను రోజులూ నాకంటే నా చొక్కాలే ఎక్కువ తిన్నాయి. గుండీ పట్టడానికి అరగంట పట్టేది, ఈలోగా ఇంట్లో అందరికీ తిట్లు పడేవి.

పదహారో రోజు ఉదయం సంచి విప్పేశారు. బావమరిది మీటరు బట్ట పరిచి సుద్దతో గీత గీశాడు. ఎడమ చేత్తో బట్ట అదిమి పట్టి, కుడి చేత్తో కత్తెర పట్టాను. ముప్పావు మీటరు దాకా గీత మీదే నడిచింది. అక్కడ వేళ్లు అలిసిపోయాయి. కత్తెర పక్కకి పోయింది, రెండు వేళ్ల మేర.

మిగతాది ఎలాగో కోసి, కత్తెర బల్ల మీద ఎడమ పక్కకి నెట్టేసి, కుర్చీలో కూలబడ్డాను. ఏదైనా అంటే ఎదురు తిట్టేవాణ్ని, వాళ్లు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. మాటంటే మాటే.

"ఇదిగో, తీసుకోరా," అన్నాను. వాడి మొహం చూడలేక కిటికీ వైపు చూస్తూ కత్తెర అందించాను.

వాడు తీసుకోలేదు.

"తీసుకోరా, చేయి లాగేస్తోంది."

"ఏ చెయ్యి బావా?"

చూసుకున్నాను. ఎడమ చేయి ఖాళీగా ఒళ్లో ఉంది. కత్తెర కుడి చేతిలో ఉంది. తీయమని నేను దానికి చెప్పలేదు. బల్ల మీదుగా ఆ పక్క దాకా వెళ్లి అదే తెచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఒళ్లు మండినట్టు నటించలేదు. మా ఆవిడ వచ్చి నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. బావమరిది ముక్కు ఎగబీల్చి, ఆ వంకర ముక్కని మడిచి పక్కన పెట్టి, ఇంకో మీటరు బట్ట పరిచాడు. సుద్ద తీశాడు.

"గీత కాస్త లావుగా గియ్యరా," అన్నాను.