ఫిబ్రవరి ముప్పై

పిచ్చుక అన్నది ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా అది ఆమెను వదల్లేదు. ఎనిమిదేళ్ల కిందట, పెద్దమ్మ పనిచేసే గ్రంథాలయం కోసం పిచ్చుక సరదాగా ఒక వెబ్ అప్లికేషన్ రాసింది. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారు, ఎప్పటికి తిరిగివ్వాలి అన్నది అది చూసుకుంటుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి బాగుచేయవచ్చు. వాడుకోవడానికి పధ్నాలుగు గ్రంథాలయాలు ముందుకొచ్చాయి. బాగుచేయడానికి మాత్రం పిచ్చుక ఒక్కతే మిగిలింది.

ఇప్పుడు ఆ అప్లికేషన్‌కు పునాదిగా ఉన్న ఫ్రేమ్‌వర్క్ పాతబడింది. ఈ నెలాఖరు తర్వాత అందులో ఏ భద్రతా లోపం దొరికినా తమకు సంబంధం లేదని దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పేశారు. కొత్తదానికి మారక తప్పదు. మారడమంటే ఫ్రేమ్‌వర్క్ ఒక్కదానితో పోతుందా? దాన్ని పట్టుకుని వేలాడే, ఎవరెవరో రాసిపెట్టిన చిన్నా చితకా ప్యాకేజీలు అరవై మూడున్నాయి. ఒకదాన్ని కదిపితే రెండోది అలిగింది. దాన్ని బుజ్జగిస్తే మూడోది మూతి ముడిచింది. తేదీల ప్యాకేజీ రాసినాయనైతే, ఇక మీదట తేనెటీగలు పెంచుకుంటానని ఒక్క వాక్యం రాసిపెట్టి చక్కా పోయాడు. దాన్ని తీసేసి వేరే కొత్తది పెట్టాల్సి వచ్చింది. మూడు వారాలు పిచ్చుకకు తలప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం సాయంత్రానికి, అప్లికేషన్ సరిగ్గా నడుస్తోందో లేదో తేల్చే నాలుగు వందల పన్నెండు టెస్టులూ ఒక్కటి కూడా తప్పకుండా పాసయ్యాయి. లావుపాటి పుస్తకం మీద ఎత్తుగా కూర్చోబెట్టిన మానిటర్ వైపు పిచ్చుక ముద్దుగా చూసుకుంది. మొదట పెద్దమ్మ గ్రంథాలయంలోనే కొత్తది పెట్టి, చేతులు దులుపుకుని హాయిగా నిద్రపోయింది.

సోమవారం పొద్దున ఆమె ఫోన్‌కు ఒక మెయిల్ వచ్చింది. 'మీ పుస్తకం గడువు దాటింది.' తను పరీక్ష కోసం పెట్టుకున్నదేలే అనుకుని, తెరవకుండానే తీసిపారేసింది. పది గంటలకు పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏం చేశావే పిచ్చుకా?"

"కొత్తది పెట్టాను పెద్దమ్మా. టెస్టులన్నీ పాసయ్యాయి."

"టెస్టులు పాసయ్యాయేమో, నా పాఠకులు ఫెయిలయ్యారు. గడువు దాటిందని ముప్పై ఏడుమంది కార్డులు ఆగిపోయాయి. సాయంత్రం ఆరింటికల్లా సరిచెయ్యకపోతే అటక మీద అట్టకార్డుల డబ్బాలు దింపుతాను. ఇక నీ అప్లికేషన్ నాకొద్దు."

రాసిన మనిషి సొంత పెద్దమ్మే కాదంటే మిగతా పదమూడు గ్రంథాలయాలు మాత్రం ఎందుకు నమ్ముతాయి? ఎనిమిదేళ్ల సెలవు రోజులు గంగపాలే. పిచ్చుక లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తింది.

గ్రంథాలయంలో బల్ల ముందు రిటైరైన బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. చేతిలో పక్షుల బొమ్మల పుస్తకం ఉంది. "ముప్పై ఏళ్లు బస్సు టైముకు నడిపాను తల్లీ. గడువు దాటారని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు నొచ్చుకుంటూ. పిచ్చుక ఆయనకు క్షమాపణ చెప్పి కూర్చోబెట్టి, ఆగిపోయిన కార్డులన్నీ వరసగా తెరిచింది. ముప్పై ఏడింటికీ ఒకటే గడువు. ఫిబ్రవరి ముప్పై.

"పెద్దమ్మా, ఫిబ్రవరికి ముప్పయ్యో తేదీ ఎక్కడుంది?"

"లేదు. అందుకేగా వేసింది."

పిచ్చుకకు అప్పుడు సంగతి అర్థమైంది. లేని తేదీ కనబడితే తేనెటీగలాయన ప్యాకేజీ నోరు మెదపకుండా ఊరుకునేది. ఆ తేదీ ఎన్నటికీ రాదు కాబట్టి ఎవరికీ మెయిల్ పోయేది కాదు. కొత్త ప్యాకేజీ అతితెలివిది. ఫిబ్రవరి ముప్పైని మార్చి రెండని దిద్దేసి, నెలలూ ఏళ్లూ లెక్కగట్టి అందరి కార్డులూ ఆపేసింది.

"ఈయనకు కంటి ఆపరేషన్ అయింది, నెమ్మదిగా చదువుతాడు," అంది పెద్దమ్మ, డ్రైవరును చూపిస్తూ. "ఆ మూలింటి దర్జీ ఉన్నాడే, వాళ్లావిడ సగం చదివి పోయింది. ఆవిడ పెట్టిన గుర్తు ఇంకా ఆ పేజీలోనే ఉంది. ఆ పుస్తకం ఇచ్చెయ్యమని నేనడగనా?"

పిచ్చుక దర్జీ కార్డు తెరిచి చూసింది. "పోనీ, 'గడువు లేదు' అని ఒక బటన్ పెట్టనా? పద్ధతిగా ఉంటుంది," అంది.

"వద్దు. గడువు లేదంటే పుస్తకం వాళ్లదైపోయినట్టే. ఇది గ్రంథాలయానిదే, ఎప్పటికైనా రావాలి. తొందర మాత్రం లేదు. దానికి నాకు ఫిబ్రవరి ముప్పై కావాలి."

వాదించి ప్రయోజనం లేదని పిచ్చుకకు తెలుసు. అంతకంటే విచిత్రం, వాదించాలనిపించలేదు. అక్కడే కూర్చుని కొత్త ప్యాకేజీకి ముకుతాడు వేసింది. ఫిబ్రవరి ముప్పై కనబడితే దిద్దకు, మెయిల్ పంపకు, కార్డు ఆపకు. రేపెవరో తెలివైనవాళ్లు వచ్చి ఇది తప్పని తీసేయకుండా దానికోసం నాలుగు వందల పదమూడో టెస్టు రాసి, 'పెద్దమ్మ తేదీ' అని పేరు పెట్టింది. అయిదున్నరకు కార్డులన్నీ మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. డ్రైవరు పక్షుల పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

చివరిసారిగా ముప్పై ఏడు పేర్లూ పైనుంచి కిందికి చూసింది పిచ్చుక. అన్నిటికంటే పాతది, అట్టకార్డుల కాలంనుంచి ఎక్కించినది, తన పేరే. పన్నెండేళ్ల వయసులో పట్టుకెళ్లిన ప్రోగ్రామింగ్ పాఠాల పుస్తకం. పొద్దున తీసిపారేసిన మెయిల్ గుర్తొచ్చింది. మానిటర్ కిందున్న లావుపాటి పుస్తకమూ గుర్తొచ్చింది.

మర్నాడు ఆ పుస్తకం దుమ్ము దులిపి తెచ్చి, తలొంచుకుని బల్ల మీద పెట్టింది. "ఇరవై ఆరేళ్లయింది పెద్దమ్మా. ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేసేదానివి," అంది పెద్దమ్మ. పేజీలు తిప్పింది. చిన్నప్పటి పెన్సిల్ గీతలు తొమ్మిదో పాఠం దాకా ఉన్నాయి. ఆ తర్వాత పేజీలు నలగలేదు. "పధ్నాలుగు పాఠాల్లో తొమ్మిదే చదివావు. నేను తీసుకోను."

"నేను ఈ పనితోనే బతుకుతున్నాను పెద్దమ్మా."

"అయితే మిగతా అయిదూ తొందరగానే అవుతాయి."

పెద్దమ్మ కంప్యూటర్‌లో గడువు మళ్లీ కొట్టింది. ఫిబ్రవరి ముప్పై. కొత్త ఫ్రేమ్‌వర్క్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. పిచ్చుక అక్కడే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కళ్లు తుడుచుకుని, పదో పాఠం తెరిచింది. పేరు చూడగానే ఆమెకు ఆగని నవ్వు వచ్చింది. తేదీలను సరిచూసుకోవడం ఎలా అన్నదే ఆ పాఠం.