చన్నీళ్ళ గిన్నె

కూతురు చిన్నతల్లి క్యాంపుకి బయలుదేరిన పొద్దున్న నూకరత్నం ఏడ్చింది, ఆమె మొగుడు పరదేశి ఏడవలేదు. ఈ తేడాని అతను చోడవరం బస్సుల దగ్గర నుంచి ఊరి చివర బెల్లం పొయ్యి దాకా ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంటూ వెళ్ళాడు. మూడు రోజుల్లో తిరిగొచ్చే పిల్ల కోసం ఏడుపేమిటని నవ్వాడు కూడా.

రూతమ్మ టీచరు పదిహేను మంది ఆడపిల్లల్ని మాడుగుల కొండ దిగువకి తీసుకెళ్ళి, గుడారాల్లో ఉంచి, వంట, కుట్టు, దెబ్బలకి కట్లు కట్టడం నేర్పుతానంది. తొమ్మిదేళ్ళ గుంటని గుడ్డ కొంపలో పడుకోబెడతారా అని నూకరత్నం వారం రోజులు మొగుణ్ణి సాధించింది. తన చెవి తమ్మె పట్టుకోకపోతే పిల్లకి నిద్ర పట్టదనీ, పదిహేను మందికీ టీచరు చెవులు ఏ మూలకొస్తాయనీ అడిగింది. కానీ పరదేశి నలుగురి ముందూ సరేననేశాడు. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం అతని ఒంటికి పడదు.

పరదేశి పాకం చూసేవాడు. చెరకు రసం పెనంలో మరిగి మరిగి నురగ లేచినప్పుడు, చిటికెడు పాకం చన్నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య నలిపి, దించాలో ఇంకా మండించాలో తేల్చేది అతనే. ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. ఇరవై రెండేళ్ళుగా చుట్టుపక్కల రైతులు ఏడాది పంటని అతని రెండు వేళ్ళకి అప్పగించి నిశ్చింతగా చుట్ట కాల్చుకుంటున్నారు.

చన్నీళ్ళ గిన్నె పట్టుకుని పీట మీద కూర్చోవడం రెండేళ్ళుగా చిన్నతల్లి పని. బడికి వెళ్ళేలోపు ఒక పెనం, వచ్చాక ఒక పెనం. పరదేశి పాకం నలిపి, ఆ ముద్ద ఆమె చేతిలో పెట్టి "ఏటమ్మా?" అనేవాడు. ఆమె పెద్దమనిషిలా నొక్కి చూసి "దింపీయొచ్చు" అంటే అప్పుడు పెనం దిగేది. పిల్లని నెత్తికెక్కించుకున్నాడని జనం నవ్వేవారు. అది ఆటేనని పరదేశీ అనుకునేవాడు.

ఆ రోజు పెనంలో ఉడుకుతున్నది బంగార్రాజు అనే రైతు చెరకు. నురగ లేచింది. పరదేశి పాకం తీసి నీళ్ళలో వేసి నలిపాడు. వేళ్ళకి ఏమీ తెలియలేదు. మళ్ళీ తీశాడు. మెత్తగా ఉందో గట్టిగా ఉందో సరే, అసలు వేళ్ళ మధ్య ముద్ద ఉందో లేదో కళ్ళతో చూసుకోవలసి వచ్చింది. అలవాటు కొద్దీ పక్కకి తిరిగి చెయ్యి చాచాడు. అక్కడ ఖాళీ పీట ఉంది. అతనికి నిజంగా భయం వేసింది. ఏదో ఒకటి అనాలి గనక దించమన్నాడు. మధ్యాహ్నానికి బెల్లం దిమ్మలు పక్కకి ఒరిగి అంచులు కారాయి.

బంగార్రాజు కోప్పడలేదు. బెంగపెట్టుకున్న తండ్రిని ఏమంటామన్నాడు. రేపు మూడు పెనాలున్నాయి, పొద్దున్న బస్సులో వెళ్ళి పిల్లని తెచ్చుకుంటే మనసు కుదుటపడుతుందని సలహా చెప్పాడు. పరదేశికి ఆ మాట చెవికి చల్లగా తగిలింది. బెంగలో సిగ్గేముంది? పిల్ల వస్తుంది, గిన్నె పట్టుకుంటుంది, వేళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే మాత్రం రైతులు పై వారానికే ఇంకొకణ్ణి వెతుక్కుంటారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కబురు అతని కంటే ముందే వచ్చేసింది. ఏడవలేదన్న మనిషే పెనం పాడు చేశాడని నూకరత్నం ముఖం వెలిగిపోతోంది.

"బెంగెట్టీసుకున్నావు. ఒప్పీసుకో" అంది.

"బెంగ కాదే. ఏళ్ళకి తెలీడం లేదు."

ఆమె నమ్మలేదు. అతని చెయ్యి లాక్కుని చూపుడు వేలి కొసని పళ్ళ మధ్య పెట్టుకుంది. అతను సిగ్గుతో గోడవైపు చూస్తున్నాడు. కాసేపయ్యాక, "కొరుకుతావేటి? కొరుకు" అన్నాడు. ఆమె అప్పటికే కొరికేసింది. వేలి మీద పళ్ళ గాట్లు పడి ఉన్నాయి.

నూకరత్నం ఆ వేలు పట్టుకుని అలాగే కూర్చుంది. కూతుర్ని వెనక్కి తెప్పించుకోవడానికి ఇంతకంటే మంచి సాకు ఆమెకి జన్మలో దొరకదు. పిల్లని తెచ్చెయ్యమంటుందనే పరదేశి ఎదురుచూశాడు.

"తేవద్దు. దీనికోసం తెచ్చీసేమంటే ఇంక అదెక్కడికీ ఎల్లనేదు. గిన్నె నాను పట్టుకుంటాను" అంది నూకరత్నం.

మర్నాడు ఆమె పీట మీద కూర్చుంది. ఆమెకి తెలిసింది వంటింటి పాకమే. "అరిసెల పాకం దాటింది" అనేసరికి మొదటి పెనం కాస్త ముదిరిపోయింది. రెండోదానికి ఇద్దరూ సర్దుకున్నారు. మూడోది బాగా కుదిరింది. పెళ్ళాం పక్కన లేకపోతే పరదేశికి పొయ్యి మండదని పనివాళ్ళు నవ్వుకున్నారు. పరదేశి పట్టించుకోలేదు. వేళ్ళు చచ్చినవాడనే పేరు కంటే పెళ్ళాం చాటు మగాడనే పేరు నయమనుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం రూతమ్మ టీచరు పిల్లని పొయ్యి దగ్గరికే తీసుకొచ్చింది. చిన్నతల్లి అన్నీ బాగా నేర్చుకుంది గాని రాత్రులు కళ్ళు తెరుచుకునే పడుకుందని చెప్పింది. నేను చెప్పలేదా అన్నట్టు నూకరత్నం చెవి తడుముకుంది.

చిన్నతల్లి తన పీట మీద ఉన్న అమ్మని చూసింది, అమ్మ చేతిలో గిన్నెని చూసింది. పిల్ల నొచ్చుకుందేమోనని పరదేశి కంగారుపడ్డాడు. ఆమె మాత్రం దగ్గరికొచ్చి, అతని మెడ కిందకి వంచి, మెల్లగా అడిగింది.

"అమ్మకి సెప్పీసేవా నాన్నా?"

"ఏటి?"

"నీ ఏళ్ళ సంగతి."

రెండేళ్ళుగా ఆట ఆడించినది ఎవరో, నిజంగా పాకం తేల్చినది ఎవరో, ఎవరికీ చెప్పకుండా కాపాడుకొచ్చినది ఎవరో పరదేశికి అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చెప్పానన్నట్టు తల ఊపాడు.

చిన్నతల్లి గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే పై యేడు పది రోజుల కేంపుందంట, ఎల్తాను" అని, కుట్టిన రుమాలు చూపించడానికి పనివాళ్ళ దగ్గరికి పరిగెత్తింది.

పెనంలో నురగ లేచింది. నూకరత్నం ముద్ద నొక్కి చూసి, ఇంకాస్త మండాలంది.