గాజుముక్కల దండ

ఈదమ్మ నలభయ్యో సీసాను గోడకు ఎదురుగా పట్టుకుని ఆగిపోయింది.

పశువుల టీకాల ప్రయోగశాలలో కిటికీ పక్క గోడ మీద జానెడు జాగాకు ఆమె నెలనెలా సున్నం వేస్తుంది. తెల్లటి గోడ ముందయితేనే రంగు అబద్ధం చెప్పదు. ఈ సీసాల్లో, గాజును అంటుకుని, కంటికి కనిపించనంత చిన్న కణాలు పెరుగుతాయి. టీకా తయారయ్యేది వాటిలోనే. వాటికి పోసే నీళ్లలో ఒక రంగు కలుపుతారు. నీళ్లు బాగుంటే దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటాయి, పులిస్తే పసుపుకు తిరుగుతాయి. మూత తీస్తే బూజు పడుతుంది కాబట్టి బయటి నుంచే చూడాలి.

ఆరేళ్లుగా చూసింది ఈదమ్మే. జీతం మాత్రం సీసాలు కడిగినందుకు. ఆమె పక్కకు పెట్టిన ప్రతి సీసా, కాగితం మీద మాత్రం ప్రయోగశాల పెద్దయిన డాక్టరుగారి పరిశీలన అయింది.

మేకుకు వేలాడుతున్న దండ అందుకుంది. పసుపు, నారింజ, ఎరుపు, గులాబి గాజుముక్కలు, దారంతో ముడులేసి కట్టినవి. కొల్లాపూర్ దగ్గరి ఊళ్లో పశువులకు పెద్దరోగం వచ్చి వాళ్ల ఎడ్లు రెండూ ఒక్క వారంలో పడిపోయాయి. మొగుడు బీరన్న ఆనకట్ట పనికి పోయి బండ కింద నలిగాడు. పదో రోజున ఆమెను కూర్చోబెట్టి పగలగొట్టిన గాజులివి. ఊడ్చి పారెయ్యబోతుంటే ఏరి కొంగున కట్టుకుంది. ఎందుకో అప్పుడు ఆమెకూ తెలియదు.

సీసా పక్కన ఎర్రముక్క పెట్టి చూసింది. రంగు కుదరలేదు. నారింజ ముక్క కుదిరింది. పక్క సీసా అంతే. ఆ పక్కదీ అంతే.

"దశరథం, నీళ్లు మార్చుండ్రి. అన్నీ పులుస్తున్నయి."

అసిస్టెంటు దశరథం రంగు కొలిచే కొత్త మిషను ముందు నుంచి తలెత్తలేదు. ఒకవైపు దీపం, మరోవైపు సూది, నడుమ సీసా. అది వచ్చి నెలయింది.

"సూది ఎర్రగీత మీదనే ఉన్నదక్కా. మిషను కన్న నీ కండ్లు ఎక్కువనా?"

"గా గీతకు సరైన ఎరుపేదో ఎట్ల జెప్పినవు?"

"పొద్దుగాల మొదటి సీసా పెట్టి, సూదిని గీత మీదికి తిప్పిన."

సరైన ఎరుపు ఇదీ అని చూపేందుకు మిషనుతో పంపిన కొలత సీసా కొత్తకోట దగ్గర లారీలోనే పగిలిపోయింది. అప్పటి నుంచి రోజూ అదే పద్ధతి.

"గా మొదటి సీసానే పులిసిందిరా! తక్కెడ మంచిదే గని, నువ్వేసింది దొంగరాయి."

దశరథం చెయ్యి ఆగింది. "సారుకు నేను జెప్పలేనక్కా. జర ఊకో."

ఆమే వెళ్లి చెప్పింది. డాక్టరు పెన్ను దించలేదు.

"సీసాలు కడిగేదానివి, కడుక్కో. రంగు చూడ్డానికి మిషనుంది."

"కడుగుత సారూ. కండ్లు మూసుకొని కడుగుమంటరా?"

"నోరు బాగా లేచిందే నీకు!"

ఈదమ్మ తొట్టి దగ్గరికి వచ్చింది. బ్రష్షు కుచ్చు వంగిపోయేదాకా తోమింది. తెచ్చుకున్న జొన్నరొట్టె మూట విప్పలేదు. ఏటి దిక్కు ఊళ్లలో ఎడ్లు పడిపోతున్నాయి. వాటికి టీకా ఈ సీసాల్లోంచే పోవాలి. ఒకటి రెండు సార్లు లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. నీళ్లు మార్చే గది తాళం ఆమె దగ్గర ఉండదు.

మూడు గంటలకల్లా రెండు వందల సీసాలూ పసుపయ్యాయి. గాజును వదిలేసిన కణాలు తవుడులా తేలుతున్నాయి.

డాక్టరు కాగితం రాయించి తెచ్చాడు. సీసాలు సరిగా కడగనందున సరుకు పాడయిందని అందులో ఉంది. "వేలిముద్ర వెయ్యి."

ఈదమ్మ దశరథం వైపు తిరిగింది. "పొద్దుగాల నేనేమన్ననో జెప్పు."

దశరథం దీపం ఆర్పిన మిషను వైపే చూస్తూ ఉండిపోయాడు.

"కడిగిన చెయ్యి సారూ ఇది. గీ సిరా దీనికి అంటనియ్య."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆమె తొట్టిలో మిగిలిన పదకొండు సీసాలూ కడిగి, వరసగా బోర్లించి, చేతులు తుడుచుకుంది. విప్పని మూట తీసుకుని ఎప్పుడు బయటికి నడిచిందో ఎవరూ చూడలేదు.

సాయంత్రం తాళం వెయ్యబోయిన దశరథం వెనక్కి వచ్చాడు. పసుపయిన సీసా ఒకటి తీసి, ఆ జానెడు సున్నానికి ఎదురుగా ఎత్తి పట్టాడు. పక్కన మేకుకు ఈదమ్మ వదిలిపోయిన దండ వేలాడుతూనే ఉంది. వాలిన ఎండ గాజుముక్కల్లోంచి దూరి, తెల్లటి గోడ మీద దానిమ్మ గింజంత ఎర్రటి చుక్క కదులుతోంది.