సీటు ఎత్తు

పాత కారును షోరూమ్‌వాళ్ళు ఎక్స్‌ఛేంజి కింద వచ్చి తీసుకెళ్ళిన నాలుగో రోజు, మంగళవారం ఉదయం పదింటికి, గేటు ముందు అద్దె కారు ఆగింది. అత్తగారు అప్పటికే తయారై వరండాలో కూర్చుని ఉంది. మంగళ, శుక్రవారాల్లో ఆవిడ ఊరికి ఆ చివర ఉన్న చెల్లెలింటికి వెళ్తుంది. చెల్లెలు రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. అక్క వెళ్ళి చిక్కు తీసి, జడ వేసి, రెండు గంటలు కబుర్లాడి వస్తుంది. ఇంకెవరు జడ వేసినా చెల్లెలికి నచ్చదు. కూతురు లాగి కడుతుందట, నర్సు పీకి కడుతుందట.

ఇన్నాళ్ళూ కోడలే పాత కారులో ఆవిడను దింపి, మళ్ళీ తీసుకొచ్చేది. కొత్త కారు చేతికొచ్చేదాకా మూడు వారాలు అద్దె కార్లతో సర్దుకుందామన్నాడు భర్త.

వచ్చింది ఎత్తైన కారు. అత్తగారు తలుపు పట్టుకుని ఒకసారి సీటు వైపు, ఒకసారి నేల వైపు చూసింది. అసలే పొట్టి మనిషి. మూడేళ్ళ కిందట మెట్ల మీద పడ్డప్పటి నుంచి కుడి మోకాలు వంగదు. పాత కారు ఎక్కడానికి ఆవిడకొక పద్ధతి ఉండేది. సీటుకు వీపు పెట్టి నిలబడి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, తర్వాత కాళ్ళు ఒకటొకటిగా లోపలికి తెచ్చుకునేది. ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఇప్పుడూ అలాగే వీపు పెట్టి నిలబడింది. సీటు నడుముకు తగిలింది.

“అమ్మాయ్, ఇవాళ తల తిరుగుతున్నట్టుంది. ఈ డ్రైవరును పంపించెయ్,” అంది.

కోడలు అతన్ని పంపించేసింది. కానీ తల తిరిగే మనిషి అంత నిటారుగా నడిచి లోపలికి వెళ్ళడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

శుక్రవారమూ ఎత్తు కారే వచ్చింది. ఆ రోజు అత్తగారికి కళ్ళు మంటలు. మళ్ళీ మంగళవారం, కారు ఇంకా వీధి మలుపులో ఉండగానే, “వాన వచ్చేట్టుందే,” అంది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. ఆ సాయంత్రం చెల్లెలి ఫోను. కోడలు స్పీకరు పెట్టి ఇచ్చింది.

“అక్కా, నా తల పిచ్చుకగూడైంది. నువ్వొస్తావా, గొరిగించుకోనా?”

“వస్తానే. ఒంట్లో కాస్త నలతగా ఉంది, అంతే.”

ఫోను పెట్టేసి అత్తగారు చాలాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది. కోడలికి అప్పుడు వెలిగింది. భర్త ఆర్డరిచ్చిన కొత్త కారు కూడా ఎత్తైనదే. పైగా ఏరికోరి ఆవిడ కోసమే ఎంచాడు. “పాత కారులో అమ్మ నూతిలోకి దిగినట్టు దిగుతోంది. ఇదైతే దర్జాగా సింహాసనం మీద కూర్చున్నట్టు ఉంటుంది” అని ఇంటాబయటా చెప్పాడు. చెడ్డ ఉద్దేశమేమీ కాదు. ఉదయం ఎనిమిదికల్లా ఆఫీసుకు వెళ్ళిపోయే మనిషి, తల్లి కారెక్కడం అతను చూసింది ఏడాదికి రెండు మూడు సార్లు, అదీ తాళాలు వెతుక్కుంటూ. ట్రయల్‌కి స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్ళాడు తప్ప తల్లిని తీసుకెళ్ళలేదు.

మర్నాడు అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి ఆవిడ మంచం ఎత్తు కొలిచింది. ఇరవై ఒక్క అంగుళాలు. టేపు చుట్టి బ్యాగులో వేసుకుని, రెండు వీధుల అవతల ఉన్న షోరూమ్‌కి నడిచింది. అద్దాల వెనక నిలబెట్టిన అదే రకం కారు తలుపు తీసి నేల మీద మోకాళ్ళూనింది.

టై కట్టుకున్న సేల్స్‌మన్ పరుగున వచ్చాడు. “డిక్కీ వెనక ఉంది మేడం. పెద్ద సూట్‌కేసులు మూడు పడతాయి.”

“సూట్‌కేసులకేం గానీ, మా అత్తగారు పట్టాలి,” అంది కోడలు టేపు మీంచి చూపు తిప్పకుండా. ముప్పై ఒక్క అంగుళాలు.

ఆ రాత్రి భోజనాలయ్యాక భర్తతో చెప్పింది. “ఏమండీ, ఆ కారు వద్దు.”

“వద్దా? పది రోజుల్లో వస్తుంటేనా! ఆఫీసులో పార్టీ కూడా ఇచ్చేశాను.”

“అత్తయ్య ఎక్కలేరు.”

“అమ్మ చెప్పిందా?”

“ఆవిడ చెప్పరు. ఆవిడ కోసమే కొంటున్నానని మీరు ఊరంతా చాటారు. ఇంకెలా చెప్తారు?”

“చూడు, పెద్ద కారు నడపాలంటే భయంగా ఉంటే భయమని చెప్పు. మధ్యలో అమ్మనెందుకు లాగుతావ్?”

ఆ మాట కోడలికి చురుక్కుమంది. టేపు తెచ్చి అతని ముందు పెట్టింది. “ఆవిడ మంచం ఇరవై ఒకటి. ఆ సీటు ముప్పై ఒకటి. నా భయమెంతో మీరే కొలుచుకోండి.”

అతను టేపు ముట్టుకోలేదు. అక్కణ్ణుంచే కేకేశాడు. “అమ్మా! కొత్త కారు ఎక్కగలవా, లేదా?”

“ఎందుకెక్కనురా? ఇంకా కొండలెక్కమన్నా ఎక్కుతాను!” లోపలి గదిలోంచి జవాబు వచ్చింది.

‘విన్నావుగా’ అన్నట్టు చూశాడు.

“విన్నాను. శనివారం మీకు సెలవే కదా. ముగ్గురం వెళ్దాం. ఆవిడ ఎక్కి కూర్చుంటే మళ్ళీ నేను నోరెత్తను,” అంది కోడలు.

శనివారం అత్తగారు కర్ర పట్టుకుని షోరూమ్ దాకా నడిచింది. నేల మీద ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు. సేల్స్‌మన్‌కు విషయం ముందే తెలుసు కనుక, తలుపు కింద అడుగు పెట్టుకునే పలక బిగించి ఉన్న కారును బయటికి తెప్పించాడు.

“ఇంత చిన్నదానికి అమ్మగారు కంగారుపడ్డారా? ఇది ఫ్రీగా వేసిస్తాం.”

అత్తగారు కర్ర కోడలికిచ్చి, ఎడమ కాలు పలక మీద పెట్టి, లోపలి పిడి పట్టుకుని పైకి లేచింది. లేచీ లేవగానే ఆగిపోయింది. కుడి కాలు కర్రలా బిగుసుకుని అంచుకు తన్నుకుంది. లోపలికి వెళ్దామంటే వంగదు, కిందికి దిగుదామంటే నేల దూరం. తలుపు మధ్యలో పక్కకు తిరిగి నిలబడిపోయింది. ఇద్దరు పనివాళ్ళు పరుగెత్తుకొచ్చి నడుం పట్టుకోబోయారు.

“చేతులు తియ్యండి. నేనేం బియ్యం బస్తానా?” అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, “ఇదిగో, ఎక్కేస్తున్నానురా. ఒక్క నిమిషం.”

ఆవిడ నుదుట చెమట పట్టింది. భర్త అది చూశాడు. కోడలు పక్కకు జరిగి అతనికి దారిచ్చింది.

అతను వెళ్ళి తల్లికి భుజం అందించాడు. ఆవిడ దాన్ని పట్టుకుని మెల్లగా దిగింది.

“ఎందుకు చెప్పలేదమ్మా?”

“నాకోసమని అంత సంబరపడితివి. తీరా అందులో నేనొక్కదాన్నే ఎక్కలేనని ఎలా చెప్పను?”

“మరి పిన్ని దగ్గరికి?”

“ఏదో ఒకటి చెప్పి ఇంట్లోనే ఉందామనుకున్నాను.” చెంగుతో మొహం తుడుచుకుని కర్ర కోసం చెయ్యి చాపింది.

భర్త సేల్స్‌మన్‌తో, “ఆర్డరు క్యాన్సిల్ చేసుకుంటాం. కాగితం తెండి,” అన్నాడు.

మేనేజరు వచ్చాడు. రంగు మారుస్తానన్నాడు, మంచి స్టీరియో వేస్తానన్నాడు, ఆఖరికి కాగితమిచ్చాడు. అందులో కారణాల వరస ఉంది: అప్పు దొరకలేదు, ఆలస్యమైంది, వేరే కంపెనీ నచ్చింది. భర్త అవన్నీ దాటుకుని అట్టడుగున ‘ఇతర కారణాలు’ దగ్గర ‘అమ్మ ఎక్కలేదు’ అని రాసి సంతకం పెట్టాడు.

“మా పాత కారు మాకిచ్చేయండి,” అంది కోడలు.

“అది గురువారమే వెళ్ళిపోయింది మేడం. ఎవరో వచ్చి చూసి, అప్పుడే తీసుకెళ్ళిపోయారు. దాని వెల మీకు తిరిగి రావాలంటే నెల పడుతుంది. అదే, మా వెనక యార్డులో ఉన్న పాతవాటిలో ఏదైనా తీసుకుంటే ఇవాళే సర్దేయొచ్చు,” అన్నాడు మేనేజరు.

కోడలికి కాసేపు మనసు కలుక్కుమంది. ఆ కారు బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో ఆమె పాదానికి నిద్రలో కూడా తెలుసు. అయినా నెల రోజులు ఆగితే ఎనిమిది మంగళ, శుక్రవారాలు పోతాయి. “పదండి, చూద్దాం,” అంది.

యార్డులో పాతిక కార్లున్నాయి. సేల్స్‌మన్ ఒక్కోదాని దగ్గరా ఆగి, ఎంత తిరిగిందో, లీటరుకు ఎంతిస్తుందో చెప్పసాగాడు.

“ఆ లెక్కలు మావాడికి చెప్పు నాయనా. నాకు తలుపు తియ్యి,” అంది అత్తగారు.

మొదటిదానిలో కూర్చుంది. లేవడానికి మూడు సార్లు ఊగాల్సొచ్చింది. “దీనికి కూర్చోబెట్టుకోవడమే తెలుసు, లేవనివ్వడం తెలీదు. అచ్చం మీ మామయ్య కబుర్లే,” అని కోడలితో అంది. రెండోదానిలో ముందు చోటు చాలక కాలు చాపే వీల్లేకపోయింది. మూడోదాని తలుపు సగమే తెరుచుకుంది. నాలుగోది మందుసీసా ఆకుపచ్చ రంగులో ఓ మూల ఉంది. కోడలు టేపు పట్టి చూసి, “ఇరవై ఒకటిన్నర,” అంది.

“ఈ రంగా!” అన్నాడు భర్త.

“లోపల కూర్చున్నవాళ్ళకి కనపడదులే,” అంది అత్తగారు. వీపు పెట్టి నిలబడింది, కూర్చుంది, కాళ్ళు లోపలికి తెచ్చుకుంది. దిగింది. మళ్ళీ కూర్చుంది. ఈసారి దిగలేదు. బెల్టు లాగి పెట్టేసుకుంది.

“ట్రయల్ చూడొచ్చా?” అడిగింది కోడలు.

“తప్పకుండా మేడం. ఎంత దూరమైనా సరే. కాకపోతే నేను వెంట రావాలి, రూలు.”

“ఎంత దూరమైనానా?” అత్తగారు తల తిప్పి అతని మొహం చూసింది. “అయితే అమ్మాయ్, మా చెల్లెలింటికి పోనీ.”

సేల్స్‌మన్, భర్త వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. క్లచ్చు కాస్త బిగుతు. రెండు కూడళ్ళు దాటేసరికి కోడలి పాదానికి లొంగింది. పావుగంట తర్వాత వెనక నుంచి, “మేడం, ఇంకా ఎంతుంది?” అని వినిపించింది. అత్తగారు కిటికీలోంచి చూస్తూ, ఈ రెండు వారాల్లో ఏ కొట్టుకు కొత్త రంగు వేశారో, ఏ చెట్టు కొట్టేశారో చెబుతూనే ఉంది.

చెల్లెలి గేటు ముందు ఆగగానే భర్త గబగబా దిగి తలుపు తీసి రెండు చేతులూ చాపాడు.

“చేతులొద్దు. చూడు, చాలు,” అంది అత్తగారు.

అతను చేతులు దించుకుని నిలబడి చూశాడు. ముందు వంగే కాలు బయటికొచ్చింది, తర్వాత వంగని కాలు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద. ఒక్క ఊపులో నిలబడి, చీర సర్దుకుంది.

“ఎంతసేపు పడుతుందండీ? నేను షోరూమ్‌కి వెళ్ళాలి,” అన్నాడు సేల్స్‌మన్ గడియారం చూసుకుంటూ.

“రెండు వారాల చిక్కు నాయనా. లోపలికొచ్చి కూర్చో,” అని అత్తగారు కర్ర అందుకుని గేటు తీసింది.