ఎనిమిది కింద ఏడు

కొత్త తాళంచెవి గంట్ల మీది ఇత్తడి పొట్టును బొటనవేలితో తుడిచి, పాతదాని పక్కన పెట్టి, క్లెమ్ హాడ్లీ రెంటినీ వెలుతురుకేసి పట్టుకున్నాడు. రెండు వరసలూ ఒక్కటయ్యాయి. బల్ల అవతలి ఆవిడ చేతిలో పెడుతూ, "తిరక్కపోతే పట్రండి" అన్నాడు. తిరిగి పట్టుకొచ్చేవాళ్ళు అరుదు. బిల్‌స్టన్ మార్కెట్లో, బూట్ల మడమలు అతికే జిగురు వాసనలో, అతని బతుకు ఇలాగే గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆవిడకి వండిపెట్టాడు. పోయాక తనొక్కడికే వండుకుంటున్నాడు. భుజాలు వంగాయి. గోళ్ళ మొదట్లో నల్లమైనం ఎంత రుద్దినా పోదు.

గురువారం మార్కెట్టు ఒంటిపూటే కాబట్టి మధ్యాహ్నమే దుకాణం మూసి ఆర్నల్డ్ ఇంటికి నడిచాడు. ఆర్నల్డ్ టిమ్మిన్స్ ఒకప్పుడు బస్సు నడిపినవాడు. ఇద్దరికీ పాత రాగినాణేల పిచ్చి. తేడా అల్లా, ఆర్నల్డ్ కంటికి ప్రతి మురికిచుక్కా ఒక అద్భుతం. అది మురికేనని చెప్పడం క్లెమ్ వంతు. చర్చి వెనక గదిలో కూడే నాణేల సంఘంలో క్లెమ్ ఊ అంటేనే ఏ నాణేనికైనా విలువ.

తలుపు తీసిన ఆర్నల్డ్ భార్య ఐరిస్, అతన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"ఇవాళ ఒక నాణెం చూపిస్తాడు. ఎనిమిది కింద ఆరుందంటాడు. నువ్వూ ఆరనెయ్ క్లెమ్. నీ సొమ్మేం పోయింది? ఆదివారం దాటడన్నాడు డాక్టరు. చెంచాడు సూపు కూడా మింగట్లేదు."

క్లెమ్ టోపీ తీసి నలిపాడు. "చూశాక చెప్తా."

"చూడకుండానే చెప్పు!"

ముందుగదిలో కిటికీ పక్కన వేసిన మంచం మీద ఆర్నల్డ్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. పెద్ద స్టీరింగు తిప్పిన చేతులు దుప్పటి మీద ఊడిన చేతితొడుగుల్లా పడున్నాయి. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"రావోయ్. కుర్చీ గట్టిగా పట్టుకుని చూడు, పడిపోతావ్" అంటూ 1848 నాటి రాగి పెన్నీ చేతిలో పెట్టాడు.

ఆ రోజుల్లో ఏడాది మారితే టంకశాలవాళ్ళు పాత అచ్చును పారేసేవాళ్ళు కాదు. పాత అంకె మీదే కొత్తది కొట్టేవాళ్ళు. కిందిది పూర్తిగా చావదు. ఎక్కడో ఓ కొన పొడుచుకొస్తుంది. చివరి ఎనిమిది కింద ఏడున్న పెన్నీలు సంఘంలో చాలామంది దగ్గరున్నాయి. ఆరున్నది ఎవరి దగ్గరా లేదు. అలాంటిదొకటి పట్టుకోవాలని ఆర్నల్డ్ సగం జీవితం వెతికాడు.

క్లెమ్ భూతద్దం కంటికి ఆనించి నాణేన్ని అటూ ఇటూ వంచాడు. కిందిది ఆరైతే మెలిక తిరగాలి. ఇక్కడ ఎనిమిది నెత్తిన, ఏడుకుండే సన్నటి అడ్డగీత. మళ్ళీ వంచాడు. అడ్డగీతే. వంటింటి తలుపు సందులో ఐరిస్ చుర్రుమన్న చూపు వీపుకి తగులుతోంది. ఒక్క మాట. అంటే అయిపోతుంది. భూతద్దం దించాడు.

"ఏడే" అన్నాడు చివరికి.

వంటింట్లో ఏదో మూత కింద పడింది. ఆర్నల్డ్ రెప్ప వాల్చకుండా చూశాడు. తర్వాత అతని బొజ్జ కదిలింది. నవ్వు. నవ్వు దగ్గయి, దగ్గు మళ్ళీ నవ్వయింది.

"బతికించావురా! నువ్వు కూడా ఆరంటే శవపెట్టెకి కొలతలు తీసుకోమందును. పక్కింటావిడొచ్చి నేను పాడితే గొంతు బాగుంటుందంది. మా తమ్ముడు, పుట్టుకతోనే అల్బియన్ ఫుట్‌బాల్ జట్టు మనిషి, మొన్న వచ్చి వాళ్ళకి బొత్తిగా పడని మా వుల్వ్స్ మంచి జట్టన్నాడు! అందరూ దేనికైనా ఊ కొడుతుంటే, బతికుండగానే పాతేసినట్టుందనుకో. సరే, ఈ అరపెన్నీ చూడు. నాలుగు కింద మూడు లేదూ?"

"చిలుం."

"నీ మొహం చిలుం! సరిగ్గా చూడు."

"నీ కళ్ళద్దాలకి వైపర్లు పెట్టించు."

"ఐరిస్! ఆ చీజ్ పట్రావే, రొట్టె కూడా. వీడితో వాదించాలంటే ఒంట్లో సత్తువుండాలి."

ఐరిస్ పళ్ళెం తెచ్చింది. ఆర్నల్డ్ కొరికి, నమిలి, నిజంగానే మింగాడు. ఆవిడ చెయ్యి పళ్ళెం అంచుమీదే ఉండిపోయింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ సున్నాల మీదా చుక్కల మీదా పోట్లాడుకున్నారు. ఆర్నల్డ్ ఒక్కటీ ఒప్పుకోలేదు.

క్లెమ్ టీ కోసం వంటింట్లోకి వెళ్తే, ఐరిస్ తువ్వాలుతో అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"మొండి ఘటం. ఆరంటే నోరు పడిపోయేదా?" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి కానీ పెదవులు నవ్వుతున్నాయి. "రేపు కూడా రా. దుకాణం ఎటూ పోదు."

"వస్తా" అన్నాడు.

కప్పులు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆర్నల్డ్ తల కిటికీకేసి వాలి ఉంది. నోటి మూల ఇంకా ఏదో ఎదురు చెప్పబోతున్నట్టే ఉంది. ఛాతీ కదలడం లేదు. క్లెమ్ కప్పులు చప్పుడు కాకుండా దించి, "ఐరిస్" అని మెల్లిగా పిలిచాడు.

ఆవిడ వచ్చి భర్త నుదుటి మీది వెంట్రుకలు సవరించి, మంచం అంచున కూర్చుంది. దుప్పటి సర్దుతూ అంది: "ఇవాళ ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉండింది క్లెమ్. వీధి దాకా వినపడుంటుంది మీ పోట్లాట."

అలవాటుగా పళ్ళెం తీయబోయి ఆగింది. క్లెమ్ దీపం వేస్తే అతనికీ కనిపించింది: చీజ్ ముక్క మీద ఆర్నల్డ్ పళ్ళ గాట్లు, ఇప్పుడే అచ్చు దిగినంత పదునుగా, ముందు పన్ను లేనిచోట మాత్రం తెగని చిన్న గట్టు.