దీమపు పెట్ట

గల్ఫ్‌లోని గలాలీ ఊరి చివర, బాబా అని అందరూ పిలిచే అరబ్బు పెద్దాయన తోటలో ముత్తన్న పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. చెట్లకు నీళ్లు పెట్టడం, కోళ్లను చూసుకోవడం అతని డ్యూటీ. వంట భీమరాజుది. ముత్తన్నది జగిత్యాల వైపు, భీమరాజుది అమలాపురం దగ్గర పల్లె.

మార్చిలో వచ్చిన గాలిదుమారానికి కంచె ఒరిగింది. టర్కీ కోళ్లలో ఉన్న ఒక్క పుంజూ పక్కనున్న పాడుబడ్డ తోటలోకి ఎగిరిపోయింది. మూడు రోజులైనా చేతికి చిక్కలేదు. ఆ తోటకు అవతలి కూరమడుల్లోకి దూరి మొలకలన్నీ తొక్కేస్తోందని అక్కడి కాపలాదారు కరీం వచ్చి మొత్తుకున్నాడు. బాబాకు విసుగొచ్చింది.

"శుక్రవారం చుట్టాలొస్తున్నారు. దాన్ని పట్టి కోసెయ్యండి, ఖలాస్!" అన్నాడు హిందీలో.

భీమరాజు అప్పటికే ఫోనులో ఒక వీడియో చూసి ఉన్నాడు. పోయినేడు కోసిన పుంజు తోక ఈకలను విసనకర్రలా కట్టి ముత్తన్నకు చూపించాడు.

"దీని వెనకాల నక్కి పాక్కుంటూ వెళ్లాలండీ. ఇంకో పుంజొచ్చిందనుకుని అదే మీదకి కొట్లాటకొస్తుంది. అప్పుడు వలేసెయ్యడవే."

"వద్దు తమ్మీ. ఈకలెనుక నువ్వున్నవని పుంజుకే కాదు, మనిషికి గూడ తెల్వది. కరీం దగ్గర కాకుల్ని కొట్టే గాలి తుపాకి ఉన్నది."

"మరీ అంత దూరం ఎందుకొస్తాడండీ!"

ముత్తన్న ఈకల కట్టను తీసుకుని గోడకు తగిలించాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"మా నాయిన కౌజు పిట్టల్ని పడుతుండె. పంజరంల పెంచిన కౌజును వెట్టి కూయిస్తే అడివి కౌజులు దాని కోసమొచ్చి వలల పడుతుండె. దాన్ని దీమపు పిట్ట అంటం. ఒకనాడు అది కూస్తలేదని మా అన్న వెంకటి పొదల కూసుండి తనే కూసిండు. అచ్చం పిట్టనే. అవుతల మా మేనమామ వేటకొచ్చిండు. కూత ఇని తుపాకి పేల్చిండు."

"అయ్యబాబోయ్! మరి మీ అన్న?"

"బతికిండు. ఒక కన్ను పోయింది. మా మామ సిగ్గుతోని మళ్ల మా గడప తొక్కలే."

భీమరాజు తల వంచుకుని విన్నాడు. కానీ తెల్లవారి ముత్తన్న లేచేసరికి అతని మంచం ఖాళీగా ఉంది. గోడ మీది ఈకల కట్ట కూడా లేదు.

ముత్తన్న చెప్పులు కూడా తొడుక్కోకుండా పాడుతోటలోకి పరుగెత్తాడు. ఎండిపోయిన ఖర్జూరపు మట్టల మధ్య, నేలకు జానెడెత్తున ఈకలు కదులుతున్నాయి. ఒక్క క్షణం అతనికే అది నిజం పుంజులా కనిపించింది. ఆ వెనకే, కూలిన గోడ మీద మోచెయ్యి ఆనించి గురి చూస్తున్నాడు కరీం.

"ఆద్మీ హై! కరీం భాయ్, ఆద్మీ హై!" అక్కడ మనిషున్నాడని గొంతు చించుకుని అరిచాడు ముత్తన్న.

కరీం ఉలిక్కిపడ్డాడు. తుపాకి పక్కకు తిరిగింది కానీ పేలనే పేలింది. ఈకలు చెదిరిపోయాయి. భీమరాజు చెయ్యి పట్టుకుని మట్టల్లో కూలబడ్డాడు. ఇనుప గుండు మోచేతి కింద కండలోకి దిగింది.

కరీం తుపాకి విసిరేసి వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నేను పక్షినే చూశాను, భాయ్. అల్లా సాక్షి, పక్షినే చూశాను," అని ఏడుస్తూనే తన తలగుడ్డ విప్పి గాయానికి కట్టాడు.

ఆసుపత్రిలో గుండు తీసి కుట్లు వేశారు. బాబా మండిపడుతూ వచ్చాడు. కరీం మీద పోలీసులకు ఫిర్యాదు చేస్తానన్నాడు.

"వద్దు బాబా. నేనే పక్షిలా వెళ్లాను. ఆయన తప్పేముంది?" అన్నాడు భీమరాజు. పక్కకు తిరిగి, "మీ మాట విన్లేదండీ, ముత్తన్నగారూ," అన్నాడు.

"పానం దక్కింది, అది చాలు," అన్నాడు ముత్తన్న.

మర్నాడు పొద్దున ముత్తన్న ముందు కరీంకు చెప్పి, తుపాకిని అతని గదిలో పెట్టించి తాళం వేయించాడు. ఆ తర్వాత ఒక టర్కీ పెట్టను పంజరంలో పెట్టి పాడుతోటలో ఉంచాడు. చుట్టూ వల పన్ని, దూరంగా, అందరికీ కనిపించేలా నిలబడి తాడు పట్టుకున్నాడు. పెట్ట కూసింది. పుంజు మట్టల్లోంచి వచ్చింది. ఇన్ని రోజుల్లో బాగా చిక్కిపోయింది. అయినా తోక విప్పి, రెక్కలు నేలకు రాస్తూ పంజరం చుట్టూ తిరిగింది. మనిషి ఉన్నాడన్న ధ్యాసే లేదు దానికి. ముత్తన్న తాడు లాగాడు. వలలో పుంజు కొట్టుకుంటుంటే పంజరంలో పెట్ట గోల పెట్టింది. అతను గబగబా వల విప్పాడు.

పుంజును చంకన పెట్టుకుని తిన్నగా బాబా దగ్గరికి వెళ్లాడు.

"బాబా, ఇది జత కట్టే కాలం. ఈ కాలంలో మా నాయన దీమం పెట్టేవాడు కాదు. ఇది భయపడి దొరికితే కోసేవాణ్ణే. పెట్టను నమ్ముకుని వచ్చింది. నా చేత్తో కొయ్యలేను," అన్నాడు వచ్చీరాని హిందీలో.

బాబా అతని మొహం వంక, పుంజు వంక చూశాడు. "కంచె ఎవరు కడతారు మరి?"

"ఇయ్యాలనే కడత."

శుక్రవారం చుట్టాలకు చేపలతో, బిర్యానీలాంటి మచ్‌బూస్ అన్నం వండాలని బాబా చెప్పాడు. ఒంటిచేత్తో అవస్థ పడుతున్న భీమరాజును చూసి, అడక్కుండానే వచ్చి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు కరీం. కాసేపటికి భీమరాజు, "ఇంకొంచెం సన్నగా, భాయ్," అన్నాడు.